నడుము టక్కుమనిపిస్తే నొప్పి పోతుందా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఒంగోలు. మావారికి 44 ఏళ్లు. చీమకుర్తి క్వారీల నుంచి కృష్ణపట్నం పోర్టుకు గ్రానైట్ బండలు తోలే లారీ డ్రైవరు. ఎనిమిది నెలల నుంచి నడుము నొప్పి. మొదట్లో ఎడమ కాల్లోకి లాగేది. అది తగ్గింది గానీ, పొద్దున లేచేసరికి నడుము కర్రలా బిగుసుకుపోతోంది. గంటసేపు అటూ ఇటూ తిరిగితే గానీ వదలదు. ఎమ్మారై తీయిస్తే ఎల్‌4–ఎల్‌5 దగ్గర (నడుము కింది పూసల చోట) డిస్క్ బల్జ్, అంటే పూసల మధ్య ఉండే మెత్త ఉబ్బిందని రాశారు. మాత్రలు, బెల్టు ఇచ్చారు. ఫిజియోథెరపీకి ఐదు రోజులు వెళ్లి, ‘కరెంటు పెట్టి పంపించేస్తున్నారు, దీనికేనా’ అని మానేశారు. ఇప్పుడు రాత్రిపూట ఫోన్లో కైరోప్రాక్టిక్ (చేతులతో పూసలు టక్కుమనిపించే వైద్యం) వీడియోలు చూస్తూ కూర్చుంటున్నారు. నెలకోసారి ఒంగోలు వచ్చి క్యాంపు పెట్టే ఒకాయన దగ్గర పది సిట్టింగులకు 12 వేలట. నాకు చెప్పకుండా 2 వేలు అడ్వాన్సు కూడా కట్టేశారు. నడుముతో పాటు మెడ కూడా తిప్పుతారట. మా అత్తగారేమో అవన్నీ వద్దు, ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తొక్కిస్తే పోతుందంటారు. ‘మా ఊళ్లో అందరికీ నడుం నొప్పులే, మీ మామకు అరవై రాకముందే నడుం వంగిపోయింది, ఎవరు ఏ డాక్టరు దగ్గరికి పోయారు’ అని ఒకటే గొడవ. వాళ్లది కనిగిరి దగ్గర పల్లె. నాకు భయంగా ఉంది. మావారిని పంపమంటారా, వద్దంటారా?
– ఒక సోదరి, ఒంగోలు

జవాబు: అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. ఈ నెల క్యాంపుకు పంపొద్దు. ఎప్పటికీ వద్దని కాదు, ఈ నెలకు వద్దు. రెండు మూడు ఎక్స్‌రేలు, ఒక మూత్ర పరీక్ష అయ్యాక వాటిలో ఏముందో చూసి మిగతాది తేల్చుకోవచ్చు.

కైరోప్రాక్టిక్ అంతా మోసమని ఇలా చెప్పడం లేదు. మీ ఉత్తరంలో మీరు విసుగ్గా, అత్తగారి గొడవగా రాసిన ముక్క ఉంది చూడండి, ఊళ్లో అందరికీ నడుం నొప్పులేనని, మామగారికి అరవై రాకముందే నడుం వంగిపోయిందని. దాని పక్కనే కనిగిరి దగ్గర పల్లె అని రాశారు. ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాటలు అవే. మీ ఎమ్మారై రిపోర్టులో అవి ఉండవు. క్యాంపు పెట్టే ఆయనకు మీవారు చెప్పి ఉండరు, ఆయన అడిగి ఉంటారనీ అనుకోను.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుందన్నది మనకు కొత్త సంగతి కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును డాక్టర్లు గుర్తించి మొదటిసారి వైద్య పత్రికకు ఎక్కించింది ఈ ప్రాంతం నుంచే, 1937లో. అప్పటికి ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ కింద నెల్లూరు జిల్లా. ప్రకాశం జిల్లా 1970లో గానీ ఏర్పడలేదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేనిచోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం. అంతకు మించిన నీళ్లు చిన్నప్పటి నుంచి ఏళ్ల తరబడి తాగితే, ఆ ఫ్లోరైడ్ ఎముకల్లోకి చేరి కూర్చుంటుంది. ఎముక చిక్కబడుతుంది, కానీ బలం రాదు, పెళుసవుతుంది. వెన్నుపూసలను ఒకదానితో ఒకటి కట్టి ఉంచే లిగమెంట్లు సాగుతూ ఉండాలి. అవి సున్నం పట్టి ఎముకలా మారిపోతాయి. విడివిడిగా కదలాల్సిన పూసలు ముదిరిన కేసుల్లో ఒకే కడ్డీ అయిపోతాయి. లోపల వెన్నుపాము దిగే దారి ఇరుకవుతుంది. మీ మామగారి నడుము వయసు వల్లే వంగిపోయిందని ఇంట్లో అందరూ అనుకుని ఉండవచ్చు. ఆ ఊరి నీళ్లు కూడా ఒక కారణం అయి ఉండొచ్చు.

మీవారు ఆ నీళ్లు ఎన్నేళ్లు తాగారో మీరు రాయలేదు. ఇరవై ఏళ్లు వచ్చేదాకా ఊళ్లోనే ఉన్నారనుకుంటే, ఒంగోలు వచ్చి ఎన్నాళ్లయినా ఆ లెక్క ఎముకలో ఉంటుంది. మీవారికి ఫ్లోరోసిస్ ఉందని నేను అనడం లేదు, ఉత్తరం చదివి అలా చెప్పేవాళ్లను నమ్మొద్దు కూడా. ఉందో లేదో తెలుసుకోకుండా ఆ వెన్ను మీద ఎవరి చేతులూ పడకూడదు, నేను చెప్పేది అంతే.

ఇంట్లోనే చూడదగ్గవి కొన్ని ఉన్నాయి. ముందు పళ్లు. ఎనిమిదేళ్ల లోపు ఆ నీళ్లు తాగినవాళ్లకు శాశ్వత దంతాల మీద పసుపు, గోధుమ రంగు చారలు అడ్డంగా పడి ఉంటాయి. పాన్ మరక, టీ గార అయితే డెంటిస్టు శుభ్రం చేస్తే పోతుంది. ఇది పోదు, పంటి పింగాణీలోనే ఉంటుంది. తర్వాత మూడు కదలికలు. ఫ్లోరైడ్ ఊళ్లకు వెళ్లినప్పుడు ఆరోగ్య సిబ్బంది చేయించి చూసేవి ఇవే. మోకాళ్లు వంచకుండా కిందికి వంగి రూపాయి బిళ్ల తీయడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, రెండు చేతులూ పక్కలకు చాపి మోచేతులు మడిచి తల వెనక తాకించడం. మీవారి విషయంలో మొదటిది పక్కన పెట్టేయండి. నడుము నొప్పి ఉన్న ఎవరైనా వంగలేరు, దాని వల్ల ఏమీ తేలదు. మిగతా రెండూ నిదానంగా చేయించి చూడండి. నొప్పి నడుములో ఉంటే మెడ ఎందుకు వంగదు, భుజాలు ఎందుకు తిరగవు? అవి కూడా పట్టేసి ఉంటే, మీరు ఎమ్మారై చేయించిన ఎల్‌4–ఎల్‌5 దగ్గర మాత్రమే సమస్య లేదని అర్థం.

పొద్దున గంటసేపు బిగుసుకుపోవడం అన్న మాట కూడా నన్ను ఆపింది. మామూలు నడుము నొప్పి విశ్రాంతితో తగ్గి, పనితో పెరుగుతుంది. విశ్రాంతితో పెరిగి, తిరిగితే తగ్గే నొప్పి వేరే రకం. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని ఒక వాతం జబ్బు ఉంది. సాధారణంగా 45 ఏళ్ల లోపే మొదలవుతుంది, అందులోనూ పూసలు అతుక్కుపోతాయి. ఫ్లోరోసిస్‌ను చూసి అదనుకోవడం, అది చూసి ఫ్లోరోసిస్ అనుకోవడం డాక్టర్లకు కూడా జరుగుతుంది. అందుకే నడుముకు ఒకటి, కటి భాగానికి ఒకటి, ముంజేతికి ఒకటి ఎక్స్‌రే తీయించమంటాను. నడుము నొప్పికి చెయ్యి ఎక్స్‌రే ఎందుకని ల్యాబు కుర్రాడు నవ్వినా పట్టించుకోకండి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఒక పొర ఉంటుంది, ఫ్లోరోసిస్‌లో దాని అంచున ముళ్లలా సున్నం పేరుకుంటుంది. ఎక్స్‌రేలో అది కనిపిస్తే ఫ్లోరోసిస్ అన్నది దాదాపు ఖాయమైనట్టే. కటి ఎక్స్‌రేలో ఆ రెండో జబ్బు ఆనవాళ్లు దొరుకుతాయి.

ఎమ్మారై ఉందిగా, మళ్లీ ఎక్స్‌రే ఎందుకని మీవారు అడుగుతారు. ఎమ్మారై డిస్కు, నరం, వెన్నుపాము చూపించడంలో గొప్పది. సున్నం పట్టిన లిగమెంటును పట్టివ్వడంలో వందల రూపాయల ఎక్స్‌రేనే మేలు. పైగా చీటీ మీద ‘నడుము నొప్పి, కాల్లోకి లాగుతోంది’ అని రాస్తే రేడియాలజిస్టు డిస్కు కోసమే చూస్తారు. కనిగిరి అని ఆ చీటీ మీద ఎవరూ రాయలేదు కదా. ఈసారి ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రి రిమ్స్‌లో ఆర్థోపెడిక్ ఓపీకి వెళ్లినప్పుడు మొదటి మాటే అది చెప్పించండి: ‘చిన్నప్పుడు ఫలానా ఊళ్లో బోరు నీళ్లు తాగాను, మా నాన్నకు నడుం వంగిపోయింది.’ మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష కూడా అక్కడే అడగండి. 2008–09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం కింద ఫ్లోరైడ్ జిల్లాల్లో చేసే పరీక్ష ఇది. ఎక్కడ చేస్తారో ఓపీలో తెలియకపోతే జిల్లా వైద్యాధికారి ఆఫీసులో చెబుతారు.

ఇప్పుడు ఇందులోకి కైరోప్రాక్టిక్ ఎక్కడ వస్తుందో చెబుతాను. ఆ వైద్యంలో ముఖ్యమైన పని ఏమిటంటే, ఒక పూస దగ్గర కీలును దాని కదలిక చివరిదాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి ఒక్క ఊపున చిన్న విసురు ఇవ్వడం. కదిలే కీలుకు అది సరిపోతుంది. కదలని కీలుకు, పెళుసెక్కిన ఎముకకు అదే విసురు ఇస్తే ఎముక విరగవచ్చు, ఇరుకైన దారిలో వెన్నుపాము నలగవచ్చు. ఎక్స్‌రేలో ఫ్లోరోసిస్ గానీ, ఆ వాతం జబ్బు గానీ, ఎముక గుల్లబారడం గానీ, టీబీ లాంటి ఇన్ఫెక్షన్ గానీ కనిపిస్తే ఈ వైద్యం మీవారికి పనికిరాదు. చేసేవాళ్లు ఎంత పేరున్నవాళ్లయినా సరే. నిజంగా చదువుకున్న కైరోప్రాక్టర్ అయితే ఈ మాట మనకన్నా ముందు ఆయనే చెబుతారు.

ఎక్స్‌రేలన్నీ శుభ్రంగా ఉన్నాయనుకుందాం. అప్పుడు మీ ప్రశ్నకు జవాబు మారుతుంది. 1895లో అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ ఊళ్లో డి.డి. పామర్ అనే ఆయన ఈ వైద్యం మొదలుపెట్టారు. ఒక చెవిటి మనిషి వెన్ను సరిచేస్తే వినికిడి వచ్చిందని చెప్పుకున్నారు. రోగాలన్నీ పూసలు తప్పుకోవడం వల్లే వస్తాయన్న ఆయన సిద్ధాంతానికి ఇప్పటిదాకా ఆధారం దొరకలేదు. కాబట్టి షుగరు తగ్గిస్తాం, గ్యాసు తగ్గిస్తాం, పిల్లల ఎత్తు పెంచుతాం అనే బోర్డు కనిపిస్తే అక్కడి నుంచే వెనక్కి తిరగండి. కానీ ఒక్క నడుము నొప్పి వరకు చూస్తే కథ వేరు. ఇన్నేళ్లలో పరీక్షలు బాగానే జరిగాయి. 2019లో 47 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. పాత నడుము నొప్పికి ఇలా పూసలను కదిలించే వైద్యం, డాక్టర్లు సిఫారసు చేసే మిగతా పద్ధతులు ఇచ్చినంత ఫలితమే ఇస్తుందని తేలింది. అంటే వ్యాయామం చేస్తే వచ్చేంత. తక్కువా కాదు, వీడియోల్లో చూపించినంత మాయా కాదు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా దీనికి చోటుంది, కొందరికి ఉపయోగపడొచ్చు అన్నంతవరకు.

మీవారిని ఆ వీడియోలకు కట్టిపడేసేది ఆ చప్పుడు. టక్కుమనగానే తప్పుకున్న పూస కూర్చుందని అందరూ అనుకుంటారు. అది కీలులోని జిగురు ద్రవంలో గ్యాసు బుడగ ఏర్పడే చప్పుడు, వేళ్లు విరుచుకుంటే వచ్చేదే. పూస ఎక్కడికీ పోలేదు, ఎక్కడా కూర్చోలేదు. ఆ వెంటనే హాయిగా ఉంటుంది, అది నిజమే. కండరం కాసేపు సడలుతుంది. వీడియో అక్కడితో ఆగిపోతుంది. మూడో రోజు ఆ మనిషి మళ్లీ లారీ ఎక్కినప్పుడు ఎలా ఉన్నాడో ఎవరూ తీసి పెట్టరు.

ఈ వైద్యానికి అమెరికాలో నాలుగేళ్ల ప్రత్యేక చదువు, ప్రభుత్వ లైసెన్సు ఉంటాయి. మన దగ్గర అది ఆయుష్‌లోనూ లేదు, కైరోప్రాక్టర్లను నమోదు చేసే కౌన్సిలూ లేదు. విదేశాల్లో చదివి వచ్చిన అసలైనవాళ్లు పెద్ద నగరాల్లో కొద్దిమంది ఉన్నారు. మిగతాచోట్ల నాలుగు రోజుల వర్క్‌షాపు చేసినవాళ్లు కూడా అదే బోర్డు పెట్టుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు. మీ క్యాంపు ఆయన ఏ కోవకు చెందినవారో నాకు తెలియదు. ఎక్కడ చదివారు, ఎన్నేళ్లు, ఏ దేశంలో లైసెన్సు ఉంది అని మీవారే ఫోన్ చేసి అడగవచ్చు, అందులో తప్పేం లేదు. ఎక్స్‌రేలు చూస్తారా, కాళ్ల బలం, స్పర్శ పరీక్షిస్తారా అని కూడా అడగండి. మనిషిని చూడకముందే పది సిట్టింగులని ఎలా లెక్క కట్టారు? ఆ ఒక్క ప్రశ్నకు నాకు తృప్తికరమైన జవాబు ఊహకు రావడం లేదు. నాలుగైదు సార్లకు తేడా తెలియకపోతే ఆ వైద్యం ఆ మనిషికి పనిచేయదనే అర్థం.

ఫిజియోథెరపీలో పీజీ చేసి మాన్యువల్ థెరపీ నేర్చుకున్నవాళ్లు కూడా చేతులతో పూసలను కదిలిస్తారు. ఎక్కువగా మెల్లగా, విసురు లేకుండా. ఫిజియోథెరపీకి 2021 చట్టం కింద జాతీయ కమిషన్ ఉంది, డిగ్రీ ఏమిటో అడిగి తెలుసుకోవచ్చు. నేనూ నెల్లూరులో ఆ పనే చేసేదాన్ని కాబట్టి మా దుకాణం గురించి గొప్ప చెప్పుకుంటున్నానని మీకు అనిపిస్తే ఆ అనుమానం న్యాయమైనదే.

మెడ విషయంలో మాత్రం బేరం లేదు. నొప్పి నడుములో ఉంటే మెడ ఎందుకు తిప్పాలి? మెడ పూసల లోపలి నుంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు ఉంటాయి. మెడను విసురుగా తిప్పితే ఆ నాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అరుదే. కానీ లాభం ఏమీ లేని పనికి అరుదైన ప్రమాదం మాత్రం ఎందుకు తెచ్చుకోవాలి? ప్యాకేజీలో కలిసి ఉంది కదా అని చేయించుకోవద్దని గట్టిగా చెప్పండి. సెలూన్లో కటింగ్ అయ్యాక మెడ విరవడం కూడా ఇందులోకే వస్తుంది.

మీ అత్తగారి వైద్యం గురించి. మన వైపు ఆ నమ్మకం ఇప్పటికీ ఉంది. పెద్దావిడను చిన్నబుచ్చకండి, కానీ తొక్కించొద్దు. క్యాంపు ఆయన చేతికి ఏ కారణం చెప్పానో ఆ కాలికీ అదే కారణం. పైగా చేతికైతే ఎంత బలం పెడుతున్నామో తెలుస్తుంది. ఆవిడ మాట మీద గౌరవం ఉందని చూపించాలంటే ఊళ్లో ఏ బోరు నీళ్లు తాగేవాళ్లు, మామగారికి ఎప్పటి నుంచి బిగిసింది, ఇంకెవరికి ఉంది అని కూర్చోబెట్టి అడగండి. డాక్టరుకు ఆ కబుర్లే కావాలి.

ఇక డిస్క్ బల్జ్. ఆ రెండు మాటలు మీ ఇంట్లో చాలా టెన్షన్ పెట్టి ఉంటాయి. నొప్పి అన్నదే లేని నలభై ఏళ్లవాళ్లకు స్కాన్ తీస్తే సగం మందికి బల్జ్ ఉంటుందని 2015లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. నలభై దాటాక జుట్టులో తెల్లవెంట్రుకలు వచ్చినట్టే అది. కాల్లోకి లాగే నొప్పి దానంతటదే తగ్గిందన్నారు, అది మంచి కబురు. బల్జ్ ఒత్తిడి వల్ల వచ్చిన నరం నొప్పి చాలామందికి కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో అలాగే తగ్గుతుంది. మిగిలిన బిగువుకు ఆ బల్జే కారణమని అనుకోనక్కర్లేదు.

బెల్టు పక్కన పెట్టేయమనండి. పాత నడుము నొప్పికి బెల్టు, నడుమును లాగి ఉంచే ట్రాక్షన్, అల్ట్రాసౌండు, కరెంటు పెట్టే టెన్స్ మెషిను మామూలుగా వాడొద్దని ఇందాక చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లోనే ఉంది. మావాళ్లు నొచ్చుకున్నా సరే చెబుతున్నాను, మీవారు ఐదు రోజులకు ఫిజియోథెరపీ మానేయడంలో పూర్తి తప్పు ఆయనది కాదు. మెషిను తగిలించి, పావుగంటకు బజర్ మోగగానే పక్క బెడ్డుకు వెళ్లిపోయే చోట ఎవరికైనా విసుగే. మనిషిని నడిపించి, వంచి, లేపి చూసి, ఇంటి దగ్గర చేసుకోవడానికి నాలుగు వ్యాయామాలు నేర్పి, వారం తర్వాత ఎలా చేస్తున్నారో చూపించమనే చోటికి వెళ్లాలి. అలాంటివాళ్లు ఒంగోల్లోనూ ఉన్నారు. ‘మెషిను కాదు, వ్యాయామం నేర్పుతారా’ అని ఫోన్లోనే అడగొచ్చు.

ఎక్స్‌రేలు వచ్చేదాకా మీవారు చేయగలిగింది నడక. 2024లో ఆస్ట్రేలియావాళ్ల అధ్యయనం ఒకటి వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. నడుము నొప్పి వచ్చి తగ్గిన 701 మందిని తీసుకుని, సగం మందికి నడక అలవాటు చేసి, ఫిజియోథెరపిస్టుల చేత సలహాలు చెప్పించారు. ఆ గుంపులో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది, మిగతా గుంపులో 112 రోజులకే వచ్చేసింది. ఖర్చు లేని మందు కాబట్టి దీనికి ఎవరూ క్యాంపు పెట్టరు.

లారీ సంగతి నేను చెప్పాలా అనిపిస్తుంది గానీ, డ్రైవర్లను చూసి చూసి కొన్ని అలవాట్లు తెలుసు. వెనక జేబులో లైసెన్సు, ఆర్సీ కాపీలు, బిల్లులు, డబ్బులు అన్నీ కుక్కిన పర్సు మీద కూర్చుని గంటల తరబడి తోలుతారు. ఒక పక్క పిరుదు ఎత్తుగా ఉండి నడుము వంకర తిరిగి ఉంటుంది. పర్సు డ్యాష్‌బోర్డు మీదకు మారాలి. క్యాబిన్లోంచి దిగేటప్పుడు ఆఖరి మెట్టు నుంచి దూకుతారు. గంటల తరబడి అదిరిన నడుము మీద ఆ దూకుడు మహా చెడ్డది. బండి వైపు ముఖం పెట్టి, కడ్డీ పట్టుకుని మెట్టు మెట్టూ దిగాలి. చీమకుర్తిలో ఎక్కినవాళ్లు కావలిలో గానీ దిగరు. సింగరాయకొండ దగ్గర ఒకసారి ఆపి బండి చుట్టూ నాలుగు చుట్లు తిరిగి, టైర్లు తట్టి చూసుకుని ఎక్కితే ఓనరుకు కూడా ఏమీ పోదు.

మీవారు రోజుకు ఎన్ని టీలు తాగుతారు? టీ ఆకుకు నేలలోని ఫ్లోరైడ్ పీల్చుకునే గుణం ఉంది, డికాషనులోకి అది దిగుతుంది. పరీక్షల్లో ఫ్లోరైడ్ తేలితే టీ తగ్గించక తప్పదు. ఇంట్లో మీరు ఏ నీళ్లు తాగుతున్నారో కూడా చూసుకోండి. క్యాను నీళ్లయితే సరే, బోరు నీళ్లు కాచి తాగుతుంటే ఆపేయండి. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో నీళ్లు పరీక్ష చేస్తారు. ఒక సీసా మీ ఇంటి నుంచి, ఒకటి అత్తగారి ఊరి నుంచి ఇవ్వండి. ఆ ఊళ్లో పిల్లలు ఇంకా ఆ నీళ్లే తాగుతుంటే మీవారి నడుము కన్నా అది పెద్ద సంగతి.

మాత్రల గురించి మీరు ఒక్క ముక్కతో వదిలేశారు. పేరు లేని పొట్లాల్లో మాత్రలు గానీ, పొడి గానీ ఎవరైనా ఇస్తున్నారా? నొప్పి గంటలో మాయమవుతుందంటే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. నెలల తరబడి వాడితే ఎముక గుల్లబారుతుంది. తీసుకుంటుంటే ఉన్నపళంగా ఆపొద్దు, ఆ పొట్లం పట్టుకెళ్లి డాక్టరుకు చూపించి వాళ్లు చెప్పినట్టు తగ్గించాలి. మామూలు పెయిన్ కిల్లర్ అయినా ఎనిమిది నెలలంటే కిడ్నీల పరీక్ష ఒకటి చేయించుకోవడం మంచిది.

ఈ కిందివి కనిపిస్తే మాత్రం ఓపీ దాకా ఆగొద్దు, ఆ రాత్రికే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మూత్రం రాకపోవడం, లేదా తెలియకుండా పోవడం. మలం మీద అదుపు తప్పడం. లారీ సీటుకు ఆనుకునే భాగం, తొడల లోపలి వైపు మొద్దుబారడం. నడుస్తుంటే చెప్పు జారిపోవడం, పాదం పైకి లేవకపోవడం, కాళ్లు బిగుసుకుని అడుగులు తడబడటం. మగవాళ్లు ఇలాంటివి భార్యకు కూడా చెప్పరు, మీరే అడగాలి. జ్వరం, తెలియకుండా బరువు తగ్గడం, పడుకున్నా మెలకువ తెప్పించే నొప్పి ఉంటే రాత్రికి రాత్రి పరుగెత్తక్కర్లేదు గానీ ఆ వారంలోనే చూపించాలి.

మీవారికి ఎలా చెప్పాలన్నది మీరు అడగలేదు గానీ, అసలు చిక్కు అక్కడే ఉందనుకుంటాను. ఎనిమిది నెలలుగా నొప్పితో బండి తోలుతున్న మనిషి, మాత్రలతో విసిగి, మెషినుతో విసిగి, చివరికి ఫోన్లో ఒక ఆశ చూసుకున్నారు. చెప్పకుండా డబ్బు కట్టింది మిమ్మల్ని మోసం చేద్దామని అయి ఉండదు, చెబితే వద్దంటారని. కాబట్టి వద్దు అనే మాటతో మొదలుపెట్టకండి. ‘వెళ్దాం, నేనూ వస్తాను, ముందు ఎక్స్‌రే తీయించుకుని అది పట్టుకుని వెళ్దాం’ అనండి. అది అబద్ధం కూడా కాదు. వీడియో ఒకటి ఆయన పక్కన కూర్చుని చూడండి. నాన్నగారి నడుము గురించి అడగండి. కొడుకులకు తండ్రి వంగిన నడుము గుర్తుంటుంది, ఆ భయం మీవారికీ లోపల ఉండే ఉంటుంది.

రెండు వేల అడ్వాన్సు అడిగి చూడండి. డాక్టరు ఎక్స్‌రే చూసేదాకా ఆగమన్నారని చెబితే కొందరు తిరిగి ఇస్తారు, కొందరు వచ్చే నెలకు మార్చుకోమంటారు. ఇవ్వనంటే గొడవపడకండి, ఆ రెండు వేలు రాబట్టుకోవడానికని ఒక్క సిట్టింగు కూడా చేయించుకోనివ్వకండి. ఎక్స్‌రేలు, మూత్ర పరీక్ష వచ్చాక వాటిలో ఏం రాశారో నాకు మళ్లీ రాయండి. నీళ్ల ల్యాబు చీటీ కూడా వస్తే దాని మీద ఉన్న అంకె రాయండి, ఊరి పేరుతో సహా.